వేళ్ళు ఎత్తిన చోట

పదకొండయింది. ఫైలు వచ్చింది. అక్క నా వైపు తిరగకుండానే చేయి వెనక్కి చాపి, ఆ స్టూలు మీద కూర్చో, మాట్లాడకు అన్నట్టు సైగ చేసింది. కూర్చున్నాను. ఇరవై పేజీలు, పన్నెండింటికల్లా దిద్ది తిరిగి పంపాలి. మందుల డబ్బాల్లో మడిచి పెట్టే కాగితాలు ఉంటాయే, ఎవరూ చదవకుండా పారేసేవి, అలాంటివే ఇరవై కలిపి పంపారు, వాటిలో కావాలని కొన్ని తప్పులు దూర్చారు, ఎన్నో చెప్పరు, ఎక్కడో చెప్పరు. అవి పట్టుకుంటే అక్కకి పని ఉంటుంది, లేకపోతే ప్రెస్సు నుంచి ఈ ఇంటికి ఇక ఒక్క ఫైలూ రాదు. మేనేజరు మర్యాదగానే చెప్పాడట, పరీక్ష అనుకోవద్దండీ, మా తృప్తి కోసం అన్నాడట. ముప్ఫై ఏళ్ళు ప్రూఫులు దిద్దిన మనిషికి యాభై రెండో ఏట తృప్తి కోసం పరీక్ష. నాకు ఒళ్ళు మండింది. అక్కకి మండినట్టు లేదు. పొద్దున్నే జడ గట్టిగా వేసుకుని, కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకుని, ఫ్యాను ఆపేసి కూర్చుంది. ఫ్యాను తిరిగితే దాని నీడ బల్ల మీద తిరుగుతుంది, ఆ నీడ కంటి చివర పడితే చాలు ఆమెకి కడుపులో తిప్పుతుంది. అందుకే గదంతా ఉక్క. నా మెడ వెనక చెమట కారుతోంది, తుడుచుకుంటే కుర్చీ చప్పుడవుతుందని ఊరుకున్నాను, కుర్చీ కాదు స్టూలు, అయినా చప్పుడవుతుంది.

నాకు భయం లేదు. లేదని చెప్పుకుంటున్నాను. పావుగంట క్రితమే అక్క ల్యాప్‌టాప్ నేను మళ్ళీ ఒకసారి చూశాను. టచ్‌ప్యాడ్ మీద రెండు వేళ్ళు ఆనించి పైకి తోశాను, పేజీ మెత్తగా జారింది, కిందికి లాగాను, మెత్తగా దిగింది, ఎక్కడా కుదుపు లేదు. తెరిచినవి అన్నీ మూసేసి, రెడీగా ఉందక్కా అని చెప్పి లేచాను. తెరిచినది మూసేయడం మా కాలేజీ కంప్యూటర్ ల్యాబులో నేను ముప్ఫై రెండు మిషన్ల మీద పదకొండేళ్ళుగా అందరికీ నేర్పుతున్న అలవాటు, నేర్పించేవాళ్ళకి తప్ప ఎవరికీ అంటుకోలేదు. మిషను బాగుంది, ఇక మిగిలింది ఆమె కళ్ళూ ఆమె తలా. తల అనుకోగానే నాకు ఆ పుస్తకం గుర్తొచ్చింది. గుర్తు రాకూడదనే అనుకున్నాను, ఇప్పుడైతే అసలు వద్దు.

ఆ పుస్తకం గురించి చెప్పాలంటే పెద్ద రీడరు గారి గురించి చెప్పాలి. అక్క ఇరవై రెండేళ్ళప్పుడు ప్రెస్సులో చేరినప్పుడు ఆయన అక్కడ ప్రూఫ్ రీడర్లందరికీ పెద్ద, పొట్టిగా ఉండేవాడు, ఎప్పుడూ చొక్కా జేబుకి ఎర్ర సిరా మరక. తప్పు దాటిపోతే ఆయన తిట్టేవాడు కాదు. ఒక పొడుగు నోటుపుస్తకం ముందు పెట్టి రాయమనేవాడు, తేదీ, ఏ పని, ఏ తప్పు దాటిపోయింది, ఎందుకు దాటిపోయింది, కింద సంతకం. ఎందుకు అన్న గడి ఖాళీగా వదిలితే ఒప్పుకునేవాడు కాదు. ఆయన పోయాడు, ప్రెస్సులో ఆ పద్ధతీ పోయింది, అక్క మాత్రం ఇంట్లో సొంతంగా ఒకటి పెట్టుకుంది. ముప్ఫై ఏళ్ళలో పన్నెండు తప్పులు. ఎందుకు అన్న గడిలో జ్వరం అని ఉంటుంది, తొందర అని ఉంటుంది, పక్కన మాటలు అని ఉంటుంది, ఒకచోట పిచిక పెళ్ళి అని ఉంటుంది, పిచిక అంటే నేనే, చిన్నప్పుడు నోరు మూసేదాన్ని కాదని ఆమె పెట్టిన పేరు. మొన్న ఆదివారం ఛార్జరు కోసం సొరుగు వెతుకుతుంటే చేతికి తగిలింది, తెరిచాను, తెరవకూడదు, తెరిచాను. పన్నెండోది కొత్తది, పోయిన వారంది. పిల్లల జ్వరం మందు, మోతాదు పట్టికలో ఒక వరస. ఎందుకు అన్న గడిలో రెండే మాటలున్నాయి, నా తల. కింద ఆమె సంతకం, ఎప్పటిలా పొందిగ్గా. దొంగలా మళ్ళీ సొరుగులో పెట్టేశాను, ఛార్జరు దొరికిందా అని వంటింట్లోంచి అడిగితే దొరికిందన్నాను, దొరకలేదు.

ఆ వరసలో ఆరేళ్ళ లోపు పిల్లల మోతాదు ఉండాల్సిన చోట పెద్దవాళ్ళ మోతాదు పడింది. అక్క సరిచూసింది, సరే అని పంపింది, అది అచ్చు మిషను ఎక్కింది. మిషను మీద ఉండే ఆయన ఇంట్లో చిన్నపిల్ల ఉందట, అదే మందు వాడుతున్నారట, చేతిలోకి తీసుకున్న మొదటి కాగితం ఊరికే చదివి మిషను ఆపేశాడు. నాలుగు వేల కాగితాలు అప్పటికే బయటికొచ్చాయి, అన్నీ చించేశారు. చించేశారు కాబట్టి ఏ పిల్లకీ ఏమీ కాలేదు. కానీ ఆయనకి చిన్నపిల్ల లేకపోతే అని అక్క ఆ రాత్రి అన్నంలో చేయి పెట్టి అలాగే కూర్చుంది. మేనేజరు ఫోను చేసినప్పుడు సాకులేమీ చెప్పలేదు, అవునండీ నాదే అని పెట్టేసింది. నేనైతే వంద సాకులు చెప్పేదాన్ని. పన్నెండో తప్పుకి ముందు తొమ్మిదేళ్ళు ఒక్కటీ లేదు, తొమ్మిదేళ్ళు తక్కువా.

కింద వీధిలో ఎవరో గోడకి కన్నం వేస్తున్నారు, డ్రిల్లు గుర్రుమంటోంది, ఆగుతోంది, మళ్ళీ గుర్రుమంటోంది. అక్క భుజాలు కదల్లేదు. చప్పుడుకి ఆమె భయపడదు, కదలికకే. పోయిన ఏడాది చెవి లోపల ఏదో వాచింది, ఒళ్ళు నిలదొక్కుకునే ఏర్పాటంతా అక్కడే ఉంటుందట మనిషికి, అది దెబ్బతింది. మూడు వారాలు ఇల్లంతా తిరుగుతోందని మంచం పట్టె పట్టుకుని పడుకుంది. తర్వాత గోడలు పట్టుకుని నడిచింది, ఈ గది నుంచి బాత్రూము దాకా గోడ మీద ఆమె అరచెయ్యి ఎత్తులో ఒక మాసిన గీత ఇప్పటికీ ఉంది, సున్నం వేయిస్తానంటే వద్దంటుంది. బస్సెక్కలేదు, కిటికీలోంచి చెట్లు వెనక్కి పోతుంటే వాంతి. అందుకే ప్రెస్సుకి వెళ్ళడం మానేసి ఇంటికే పని తెప్పించుకుంది. డాక్టరు తగ్గిందమ్మా, నూటికి తొంభై పాళ్ళు తగ్గింది, ఉన్నట్టుండి కదిలేవి చూడకండి చాలు అన్నాడు. నూటికి తొంభై. మిగతా పది ఎక్కడుందో అని నేను అప్పటినుంచీ ఆమె మొహంలో వెతుకుతూనే ఉన్నాను.

ఆ ల్యాప్‌టాప్‌లో పాత సిస్టమ్ చెరిపేసి ఓపెన్ సోర్సుది ఎక్కించింది నేనే. నాలుగు నెలలైంది. పాతది పొద్దున నొక్కితే మధ్యాహ్నానికి తెరుచుకునేది, అడగని అప్‌డేట్లు, అడగని ప్రకటనలు, అక్క ఓపిగ్గా భరించేది, నాకు ఓపిక లేదు. ఎవరి దయాదాక్షిణ్యాలూ అక్కర్లేని సిస్టమ్ అక్కా ఇది, ప్రపంచమంతా కలిసి రాసుకున్నది, నచ్చకపోతే మనమే మార్చుకోవచ్చు అని ఒక పూట ఉపన్యాసం ఇచ్చాను. ఆమె ప్రేమగా తలూపింది. రెండో రోజే ఫోను చేసింది, పేజీ గెంతుతోందే అంది. ప్రూఫులు బ్రౌజర్లోనే చదవాలి, ప్రెస్సు వాళ్ళ ఏర్పాటు అది. వేళ్ళు కాస్త కదిపితే మూడేసి లైన్లు ఒక్కసారిగా ఎగిరి కూర్చుంటున్నాయి. మౌసు పెట్టి చూశాం, దాని చక్రమూ అంతే, బాణం మీటలూ అంతే. నేను వెతికాను, ప్రపంచమంతా రాసుకున్నదాంట్లో ఆ సమస్యా రాసి పెట్టి ఉంది, దాని మందూ ఉంది, ఒక సెట్టింగు లైను రాస్తే బ్రౌజరు వేళ్ళ కదలికని చక్రం తిప్పినట్టు కాకుండా వేళ్ళ కదలికలాగే తీసుకుంటుంది. రాశాను. టెర్మినల్లో, అంటే ఆదేశాలు టైపు చేసే ఆ నల్ల కిటికీలో, బ్రౌజరు పేరు కొట్టి తెరిచాను. నీళ్ళ మీద కాగితం జారినట్టు జారింది. చూశావా అన్నాను. చూసింది. మూసేసి వెళ్ళిపోయాను.

నాలుగు రోజులకి మళ్ళీ అంది, ఇంకా గెంతుతోందే అని. వచ్చాను, తెరిచాను, జారింది. నీ చేతికి అలవాటు కావాలక్కా, గట్టిగా నొక్కుతున్నావేమో అన్నాను. ఆమె నా వేళ్ళ వంక చూసింది, తర్వాత తన వేళ్ళ వంక చూసుకుంది. మూడోసారి కూడా అంది, అప్పుడు నేనేమన్నానో నాకు బాగా గుర్తుంది, చెవి నొప్పి తర్వాత నీకు అన్నీ గెంతుతున్నట్టే ఉంటున్నాయేమో అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఆమె కూడా నవ్వింది. ఆ తర్వాత ఇక అనలేదు. ఎలా ఉంది అంటే బాగానే ఉందే అనేది. సమస్య తీరిందని నేను అనుకున్నాను, ల్యాబులో కూడా అంతే, ఫిర్యాదు ఆగిపోతే రిజిస్టర్లో పరిష్కారమైంది అని రాస్తాను.

పదకొండుంబావు. నాలుగో పేజీ మొదలైందనుకుంటా. ఆమె పక్కన స్టీలు స్కేలు ఉంది, పాత రోజుల్లో కాగితం మీద చదివే లైను కింద ఆ స్కేలు పెట్టేది, ఒక్కో లైనుకీ ఒక్కో మెట్టు దిగేది. కొత్తలో ఇంట్లో అభ్యాసం కోసం నన్ను ఎదురుగా కూర్చోబెట్టి అసలు ప్రతి పైకి చదవమనేది, నేను స్కూలు యూనిఫాంలోనే కామా, ఫుల్‌స్టాపు, కొత్త పేరా అని గుళ్ళో మంత్రాల్లా చదివేదాన్ని, ఆమె స్కేలు దించుకుంటూ పోయేది. నాకు విసుగొచ్చి ఒక లైను ఎగరగొట్టేదాన్ని. చటుక్కున స్కేలు ఆగేది. ఎగరగొట్టావు అనేది, తలెత్తకుండానే. ఒక్కసారి కూడా దొరక్కుండా పోలేదు నేను. అలాంటిది ఒక వరస మొత్తం ఎలా దాటింది ఆమె కంటిని, ఆ స్కేలు ఉండగా. స్కేలు ఇప్పుడు బల్ల మీద ఊరికే పడుంది. తెర మీద లైన్లు గెంతుతుంటే స్కేలు ఎక్కడ పెడుతుంది అనిపించి, గెంతుతుంటే అని నేనే అనుకున్నానేమిటి అని ఉలిక్కిపడ్డాను.

ఎదురుగా గోడకి అద్దం తలుపుల బీరువా ఉంది. దాంట్లో ఆమె మొహం కనిపిస్తోంది. ఇంతసేపూ నేను వీపునే చూస్తున్నాను, అద్దంలోకి ఇప్పుడే చూశాను. చదువుతోంది, చదువుతోంది, రెండు వేళ్ళు టచ్‌ప్యాడ్ మీద ఆనించింది, కళ్ళు మూసుకుంది. వేళ్ళు కదిపింది, కళ్ళు తెరిచింది. చదివింది. మళ్ళీ వేళ్ళు ఆనించే ముందు కళ్ళు మూసుకుంది. దణ్ణం పెట్టుకుంటున్నట్టు కాదు, సూది పొడుస్తారని తెలిసినవాళ్ళు మూసుకున్నట్టు. పేజీ కదిలేటప్పుడు చూడకుండా ఉండటానికి. నాలుగు నెలలుగా ఇలాగే చదువుతోందన్నమాట, కళ్ళు మూసి తోసి, తెరిచి, ఎక్కడుందో వెతుక్కుని. మధ్యలో ఏ లైను ఎగిరిపోయిందో ఆ మూసిన కళ్ళకి ఎలా తెలుస్తుంది. నేను కొద్దిగా పక్కకి వంగి తెర చూశాను. పేజీ జారడం లేదు. గెంతుతోంది. మూడు లైన్లు, ఆగు, మూడు లైన్లు.

అరగంట క్రితం జారింది. ఇదే ల్యాప్‌టాప్, ఇదే బ్రౌజరు, నా వేళ్ళకి జారింది, ఆమె వేళ్ళకి గెంతుతోంది. మిషన్లకి మనుషుల ఎడల పక్షపాతం ఉండదు, ల్యాబులో నేనే చెబుతాను ఆ మాట. ఏదో తేడా ఉంది, ఏమిటి తేడా, నేను కూర్చున్నాను, ఆమె కూర్చుంది, నేను తెరిచాను, ఆమె తెరిచింది. ఆమె ఎలా తెరిచింది. తెర కింద వరసలో ఉన్న బ్రౌజరు గుండ్రటి బొమ్మ మీద నొక్కి తెరిచింది, లోకంలో మనుషులందరూ తెరిచినట్టు. నేను బొమ్మ మీద ఎప్పుడు నొక్కాను. ఎప్పుడూ నొక్కలేదు. పదకొండేళ్ళుగా నా వేళ్ళు ముందు నల్ల కిటికీ తెరుస్తాయి, దాంట్లో పేరు కొడతాయి. నాలుగు నెలల క్రితం రాసిన ఆ లైను నేను ఎక్కడ రాశాను, ఆ నల్ల కిటికీ తెరుచుకున్నప్పుడు చదువుకునే ఫైల్లో రాశాను. దాంట్లోంచి తెరిస్తేనే బ్రౌజరుకి ఆ మాట అందుతుంది. బొమ్మ మీద నొక్కితే అందదు. మొదటి ఏడాది పిల్లలు చేసే తప్పు. చేస్తే నేను నవ్వే తప్పు. ప్రతిసారీ వచ్చాను, నా దారిలో తెరిచాను, నాకు బాగుంది, మూసేశాను, నీ చెయ్యి అన్నాను, నీ చెవి అన్నాను. ఆమె ఒకసారి తెరవగా పక్కన నిలబడి చూసి ఉంటే చాలు. ఒక్కసారి. నా తల అని రాసుకుంది ఆమె, కింద సంతకం పెట్టింది.

పదకొండూ ఇరవై రెండు. ఇప్పుడు ఆపితే సమయం పోతుంది, ఆపకపోతే మొత్తం పోతుంది. ఇంకో ఆలోచన కూడా వచ్చింది, రాలేదని అబద్ధం చెప్పను. ఊరికే ఏదో సర్దుతానని చెప్పి సర్దేసి ఊరుకోవచ్చు. తన తల బాగుపడిందని ఆమె సంతోషిస్తుంది, నా మొహం నిలబడుతుంది, ఇద్దరికీ లాభం. ఎంత తేలికో. నోరు తెరిచేలోపు ఆమె మళ్ళీ కళ్ళు మూసుకుంది అద్దంలో.

"అక్కా, లే."

"ఇప్పుడా?"

"నాలుగు నిమిషాలు. దిద్దినంత వరకూ భద్రంగా ఉంటుంది. లే."

ఆమె గడియారం వంక చూసి, నా మొహం వంక చూసి, బల్ల అంచు పట్టుకుని లేచింది. ఎందుకని అడగలేదు, అడిగితే బాగుండేది. కూర్చున్నాను. పాస్‌వర్డ్ తప్పు కొట్టాను. మళ్ళీ తప్పు కొట్టాను. లోకానికంతటికీ పాస్‌వర్డులు పెట్టే నేను అక్క పుట్టినరోజు రెండుసార్లు తప్పు కొట్టాను. మూడోసారి వెళ్ళింది. ఆ లైను నల్ల కిటికీ ఫైల్లోంచి తీసి, సిస్టమ్ మొత్తం మొదలయ్యేటప్పుడు చదువుకునే ఫైల్లో రాశాను, ఇక ఎవరు ఏ దారిన తెరిచినా దానికి అందాల్సిందే. సిస్టమ్ లోంచి ఒకసారి బయటికి వచ్చి మళ్ళీ లోపలికి వెళ్ళాలి. తెర నల్లబడింది. అది వెలిగేదాకా పట్టిన సమయంలో డ్రిల్లు ఆగిపోయింది, పైన ఎవరో బకెట్టు ఈడ్చారు, కిటికీ దగ్గర నిలబడ్డ అక్క ఊపిరి నాకు వినిపించింది. వెలిగింది. నా చెయ్యి అలవాటుగా నల్ల కిటికీ వైపు పోయింది, వెనక్కి లాక్కున్నాను. నువ్వే తెరువు అన్నాను లేచి.

బొమ్మ మీద నొక్కింది. ఫైలు తెరుచుకుంది, దిద్దినవన్నీ ఉన్నాయి. రెండు వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరిచే కదుపక్కా అన్నాను. తెరిచింది. వేళ్ళు కదిపింది. పేజీ కదిలింది, ఆమె వేళ్ళు ఎంత కదిలితే అంత. పైకి తోసింది, కిందికి లాగింది, మళ్ళీ పైకి. కళ్ళు మూసుకోలేదు. నాకు సంతోషమేసింది, ఆ వెంటనే ఆమె అడగబోయేది నాకు ముందే తెలిసిపోయింది.

"ఇది ముందే బాగయ్యేదా?"

అవునంటే అయిపోతుంది, కాదంటే అయిపోతుంది.

"మొదటి రోజే బాగయ్యేది. నేను తెరిస్తే బాగుండేట్టు రాశానక్కా. నువ్వు తెరిచే దారిలో రాయలేదు. నీ చెయ్యి కాదు, నీ తలా కాదు."

ఆమె తెర మీదినుంచి చూపు తిప్పలేదు. పన్నెండు తర్వాత మాట్లాడదాం అంది, అంతే, అన్నం తర్వాత పళ్ళు తిందాం అన్నంత మామూలుగా. అంతలోనే వేళ్ళు ఎత్తింది, పేజీ ఆగలేదు, తోసిన ఊపుకి ఇంకా జారుకుంటూ పోయి నాలుగు లైన్లు దాటి మెల్లగా నిలిచింది. ఆ జారడం నాకు ప్రాణం, ఖరీదైన మిషన్లలోలాగా జారుతుందని ల్యాబులో అందరికీ చూపిస్తాను. అక్క కనుబొమలు ముడిపడ్డాయి. ఆగడం లేదే ఇది, నేను వేళ్ళు ఎత్తిన చోట ఆగాలి అంది. మెత్తదనం అంటే జారడం అనుకున్నాను ఇన్నాళ్ళూ, ఆమెకి మెత్తదనం అంటే ఆగడం. మళ్ళీ వంగి, బ్రౌజరు లోపలి అమరికల జాబితాలో ఆ జారుడు ఎక్కడుందో వెతికి ఆపేశాను. రెండు నిమిషాలు పోయాయి. పదకొండున్నర. ఇప్పుడు వేళ్ళు ఎత్తితే పేజీ ఉన్నచోట ఉంది. ఆమె స్కేలు తీసుకుని తెర మీద, చదివే లైను కింద ఆనించింది. ఆనించి, పేజీని వెనక్కి, వెనక్కి, ఒకటో పేజీ దాకా తీసుకుపోయింది.

నాలుగో పేజీలో కదా ఉన్నావు అనబోయి నాలుక కరుచుకున్నాను. అరగంటలో ఇరవై పేజీలు. ప్రెస్సులో మంచి రోజుల్లో కూడా ఆమె అంత వేగం చదివేది కాదు, ఇది మొండితనం, మా ఇంటి మొండితనం, నాలోనూ ఉంది, నాలుగు నెలలు నన్ను ఆ బొమ్మ మీద నొక్కనివ్వలేదు. స్టూలు మీద కూర్చుని అద్దంలో ఆమె కళ్ళే చూస్తున్నాను. స్కేలు గాజు మీద చిన్న చప్పుడు చేస్తోంది, లైను, లైను, లైను. ఆ చప్పుడు విని ఎన్నేళ్ళయిందో. రెండో పేజీ మధ్యలో ఆగింది. వేళ్ళు ఎత్తింది, పేజీ ఆగింది, గుర్తు పెట్టింది. ఇందాక ఆ పేజీ చదివేసింది, అప్పుడు పెట్టని గుర్తు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తుడుచుకుంటే చప్పుడవుతుందని కారనిచ్చాను. ఆ పిల్లల మందు వరసా ఇలాగే మూసిన కళ్ళ వెనక ఎగిరిపోయి ఉంటుంది. మిషను మీద ఉండే ఆయన ఆ కాగితం చదవకపోతే నా లైను ఒకటి తప్పు ఫైల్లో ఉన్నందుకు ఎక్కడో ఏ ఇంట్లోనో పిల్లకి చెంచాతో పెద్దవాళ్ళ మోతాదు పోసేవాళ్ళు. ఇది ఎంత దూరం వెళ్ళి ఉండేదో ఆలోచించడానికి నాకు ధైర్యం చాలలేదు, అయినా ఆలోచన ఆగలేదు. నాకు వేళ్ళు ఎత్తినా ఆగదు ఏదీ.

పదకొండూ నలభై, ఏడో పేజీ. నలభై ఎనిమిది, పన్నెండో పేజీ. ఒకసారి ఎడమచేత్తో నుదురు నొక్కుకుంది, నేను సగం లేచాను, ఆమె చెయ్యి వెనక్కి చాపి కూర్చోమంది. యాభై మూడు, పదహారు. స్కేలు వేగం పెరగలేదు, తగ్గలేదు. కాస్త పైపైన చూసెయ్యవే తల్లీ, చివరి నాలుగు పేజీలే కదా అని నా లోపల ఎవరో బతిమాలుతున్నారు, ఎవరో కాదు నేనే, పరిష్కారమైంది అని రాసి సంతకం పెట్టే నేనే. యాభై తొమ్మిది. పంతొమ్మిదో పేజీ చివరి లైను కింద స్కేలు ఆగింది. ఆమె స్కేలు బల్ల మీద పెట్టి టైపు చేసింది, నేను మెడ చాచి చదివాను. ఇరవయ్యో పేజీ చదవలేదు, సమయం చాలలేదు. పంపేసింది. ఇంకో ఐదు నిమిషాలు అడిగితే ఇవ్వరా అన్నాను. పన్నెండంటే పన్నెండే అంది.

తర్వాత ఫ్యాను వేసుకోమంది నన్ను. వేశాను. ఆమె బల్ల మీది నీడకి వీపు పెట్టి కూర్చుని కళ్ళు మూసుకుంది, ఈసారి ఊరికే. ఫోను మా ఇద్దరి మధ్య బల్ల మీద ఉంది, దాన్ని ముట్టుకోవడానికి నాకు చేతులు రాలేదు. పన్నెండున్నరకి మోగింది. మేనేజరు చాలాసేపు మాట్లాడాడు, అక్క ఊఁ, ఊఁ అంది. పెట్టేశాక చెప్పింది, చదివిన పేజీల్లో వాళ్ళు దూర్చినవన్నీ దొరికాయట, ఇరవయ్యోది వదిలేసినందుకు సణిగాడట, సణిగి సణిగి సోమవారం పొద్దున్నే ఒక పని పంపిస్తాను, తొమ్మిదికల్లా కూర్చోగలరా అని అడిగాడట. కూర్చుంటానని చెప్పిందట. నేను ఏడుస్తూ నవ్వాను. ఆమె నవ్వలేదు, లేచి సొరుగు లాగింది.

పొడుగు నోటుపుస్తకం తీసి బల్ల మీద పెట్టి పన్నెండో తప్పు దగ్గర తెరిచింది. నేను అంతకుముందే చూశానని ఆమెకి తెలుసో తెలియదో, నేను చెప్పలేదు, ఆమె అడగలేదు. ఎర్ర పెన్ను తీసుకుని నా తల అన్న మాటల మీద గీత కొట్టి, చివర తీసెయ్యమని పెట్టే చుట్ట గుర్తు పెట్టింది. పుస్తకం నా వైపు తిప్పి పెన్ను ఇచ్చింది. తిట్టలేదు. తిడితే నాకు ఎంత తేలికయ్యేదో. గడి చిన్నది, నా రాత పెద్దది, పక్క మార్జిన్లోకి పోయింది. నేను తెరిచి చూశాను, ఆమె తెరవగా చూడలేదు అని రాసి సంతకం పెట్టాను. ఆమె స్కేలు తెచ్చి నేను రాసిన లైను కింద ఆనించి చదివింది, చివరిదాకా, తొందర లేకుండా. ఇక అయిపోయిందనుకున్నాను.

"తేదీ వెయ్యలేదు పిచికా."

పైన పోయిన వారం తేదీ ఉంది కదా అనబోయి ఆగాను. పెన్ను మళ్ళీ తీసుకుని నా సంతకం కింద, పేజీ గెంతుతోందే అని ఆమె మొదటిసారి ఫోను చేసిన రోజు తేదీ వేశాను. ఆమె చూసి, తలూపి, పుస్తకం మూసింది.